సీమ ఎండల్లో తుంగ జాతి మొక్కలు: నీటి లెక్క, ఉప్పు లెక్క

అనంతపురం, కర్నూలు నర్సరీల్లో అంబ్రెల్లా పామ్ అనే మొక్క దొరుకుతుంది. సన్నని పచ్చటి కాడ, దాని కొసన గొడుగు ఊచల్లా చుట్టూ పరుచుకున్న ఆకులు. తాటికీ కొబ్బరికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది పొలాల్లో మొలిచే తుంగకు దగ్గరి బంధువు. పపైరస్, పొట్టి పపైరస్, స్టార్ గ్రాస్ కూడా ఈ కుటుంబానివే. వీటిని కొన్నవాళ్లు చాలామంది ఇంటికి తెచ్చి, అడుగున రంధ్రం ఉన్న మామూలు కుండీలో ఎర్రమట్టి నింపి నాటుతారు. వానాకాలం, చలికాలం బాగానే గడుస్తాయి. శివరాత్రి దాటాక కొసలు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఉగాది వచ్చేసరికి సగం కాడలు వాలిపోతాయి. మే నెలలో మొక్క పోతుంది. సీమ ఎండకు ఇవి ఆగవు అన్న అభిప్రాయం అలా స్థిరపడిపోయింది.

అది సరైన అభిప్రాయం కాదు. పపైరస్ పుట్టిల్లు ఆఫ్రికా. దక్షిణ సూడాన్‌లో నైలు నది పరుచుకున్న సుద్ద్ చిత్తడి నేలల్లో అది అడవిలా పెరుగుతుంది. అక్కడి ఎండలు ఇక్కడివాటికి ఏమీ తీసిపోవు. అంతదూరం వెళ్లకుండా హంద్రీ ఒడ్డునో, కేసీ కాలువ గట్టునో, ఏ చెరువు తూము కిందో చూసినా తెలుస్తుంది. తడి ఉన్నంత మేర తుంగ జాతులు మండు వేసవిలో కూడా పచ్చగానే ఉంటాయి. ఇంట్లో పెట్టిన మొక్క చావడానికి అసలు కారణాలు రెండు. ఒకటి, వేరు దగ్గర నీరు నిలవకపోవడం. రెండోది, నీరు నిలిచేలా చేశాక ఆ నీటితో వచ్చిన ఉప్పు కూడా అక్కడే నిలిచిపోవడం. మొదటిది ఎవరైనా చెబుతారు. రెండోదాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. బోరు నీళ్ల మీద బతికే ఊళ్లలో మాత్రం రెండోదే పెద్ద సమస్య.

ముందు మొక్క తీరు చూద్దాం. తుంగ కుటుంబంలో ప్రపంచవ్యాప్తంగా 5 వేలకు పైగా జాతులున్నాయి. చూడ్డానికి గడ్డిలా ఉన్నా ఇవి గడ్డి కావు. గడ్డి కాడ గుండ్రంగా, కణుపులతో, చాలావరకు లోపల బోలుగా ఉంటుంది. తుంగ కాడను రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పితే మూడు అంచులు తగులుతాయి, లోపల దూదిలాంటి గుజ్జు నిండి ఉంటుంది. నీటి ఒడ్డున పెరిగే జాతుల్లో ఆ గుజ్జు నిండా గాలి గదులుంటాయి. మామూలు మొక్క వేళ్లు బురదలో ఊపిరాడక కుళ్లిపోతాయి. ఈ మొక్కలు పైనుంచి గాలిని కాడల గుండా వేళ్లకు పంపుకుంటాయి. అందుకే టమాటాను, గులాబీని చంపే బురద వీటికి హాయిగా ఉంటుంది. రోజూ పోసిన నీళ్లు గంటలో కిందికి జారిపోయే కుండీలో ఈ మొక్కను పెట్టడమంటే దాని బలాన్ని వృథా చేయడమే. అందుకే వీటిని పెట్టే తొట్టికి రంధ్రమే ఉండకూడదని సలహా ఇస్తుంటారు.

నీరు ఎంత కావాలి

కరువు జిల్లాలో తడి మొక్కలేమిటని అడగడంలో న్యాయం ఉంది. అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. గాలిలోకి ఆవిరయ్యేది అంతకంటే చాలా ఎక్కువ. అయితే లెక్క వేస్తే భయం తగ్గుతుంది. యాభై సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి తొట్టి పైభాగం వైశాల్యం చదరపు మీటరులో అయిదో వంతు. నీటి మట్టం రోజుకు ఒక సెంటీమీటరు పడిపోతే పోయేది రెండు లీటర్లు. మొక్క గుబురుగా పెరిగి ఆకుల నుంచి కూడా నీరు వదిలితే మే నెలలో అది మూడు నాలుగు లీటర్లు కావచ్చు. ఒక ఇంటి బాల్కనీకో, మిద్దె తోటలో ఒక మూలకో ఇది మోయలేని భారం కాదు. లాన్ గడ్డి వేసి రోజూ పైపుతో తడిపేవాళ్లు ఖర్చు పెట్టే నీళ్ల ముందు ఇది లెక్కలోకే రాదు. అదే మొక్కను నేలలో, చుట్టూ అడ్డు లేని ఎర్రమట్టిలో నాటితే మాత్రం పోసిన నీళ్లలో ఎక్కువ భాగం పక్కలకీ కిందికీ పోతుంది. డ్రిప్ పెట్టినా అంతే. నేలలో నాటాలనుకుంటే గుంత తవ్వి, లోపల మందపాటి టార్పాలిన్ షీటు పరిచి, ఆ షీటు లోపల నాటడం ఒక్కటే దారి.

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించాడు. కట్ట నుంచి నీరు ఊరిపోవడం, చౌడు నేల, నీరు తక్కువై విస్తీర్ణం ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఉన్నాయి. తుంగ మొక్క పెట్టే తొట్టికి కూడా ఈ మూడు దోషాలే ముప్పు. కారే తొట్టి, ఉప్పు పేరుకున్న మట్టి, వెడల్పుగా లోతు లేకుండా ఉండే పళ్లెంలాంటి పాత్ర. ఒకే పరిమాణం నీళ్లు పట్టే రెండు తొట్లలో లోతైనదాన్ని ఎంచుకోవాలి. నలభై సెంటీమీటర్ల లోతు ఉంటే పపైరస్‌కు తప్ప మిగతావాటికి ధారాళంగా సరిపోతుంది.

తొట్టి దేనితో చేసిందన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. నల్ల ప్లాస్టిక్ టబ్బు పడమటి ఎండలో కాగిపోతుంది. లోపలి నీరు చేయి పెట్టలేనంత వేడెక్కితే వేళ్లు ఉడికిపోతాయి. ఆకులు పచ్చగా ఉండగానే కాడలు అడుగు నుంచి మెత్తబడితే కారణం ఇదే అయ్యుండొచ్చు. సిమెంటు తొట్టి మేలు. ఎర్రగుంట్ల వైపు దొరికే నల్లటి కడప బండలను నాలుగు వైపులా నిలిపి, అడుగున ఒకటి వేసి, సందులు సిమెంటుతో మూసి చేసిన తొట్టి ఇంకా మేలు. ఆ రాయి దళసరిగా ఉండటంతో మెల్లగా వేడెక్కుతుంది. నల్లటి రంగు కాబట్టి బయటివైపు సున్నం కొడితే ఇంకాస్త చల్లగా ఉంటుంది. కొత్త సిమెంటు తొట్టిని మాత్రం నీళ్లు నింపి, రెండు మూడు రోజులకోసారి పారబోస్తూ రెండు మూడు వారాలు ఉంచాకే మొక్క పెట్టాలి. లేకపోతే సిమెంటు సున్నం వేళ్లను కాలుస్తుంది.

మిద్దె మీద పెట్టేవాళ్లు బరువు చూసుకోవాలి. యాభై సెంటీమీటర్ల వ్యాసం, నలభై లోతు ఉన్న తొట్టి దాదాపు 78 లీటర్లు పడుతుంది. అందులో తడి మట్టి నిండితే నూరు కిలోలు దాటుతుంది, తొట్టి బరువు దానికి అదనం. స్లాబు మధ్యలో వద్దు, దూలం మీదనో గోడ మీదనో వచ్చేలా పెట్టాలి.

ఉప్పు లెక్క

ఇక అసలు సంగతి. రంధ్రం లేని తొట్టిలో పోసిన నీరు రెండు దారుల్లోనే బయటికి పోతుంది, ఆవిరిగా, లేదా ఆకుల గుండా. రెండు దారుల్లోనూ పోయేది నీరు మాత్రమే. అందులో కరిగి ఉన్న లవణాల్లో మొక్క వాడుకునేది కొంచెం, మిగతాదంతా తొట్టిలోనే ఉండిపోతుంది. బోరు నీటిలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు ఉందనుకుందాం. సీమలో అది అరుదైన సంఖ్య కాదు. అంటే లీటరుకు ఒక గ్రాము. రోజుకు మూడు లీటర్ల చొప్పున వేసవి నూరు రోజులు పోస్తే మూడు వందల లీటర్లు. తొట్టిలో మిగిలేది మూడు వందల గ్రాముల లవణాలు. దోసిలి నిండా ఉప్పు తెచ్చి మొక్క మొదట్లో పోసినట్టే.

మూడో ఏడు వచ్చేసరికి ఇది బయటపడుతుంది. తొట్టి అంచున, కాడల మొదళ్ల దగ్గర తెల్లటి పొర కడుతుంది. ఆకుల కొసలు ఎండుతాయి. యజమాని నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తాడు, అదే బోరు నీళ్లు. దాంతో ఉప్పు ఇంకా పెరుగుతుంది. ఈ దశలో ఎరువు వేస్తే కథ ముగిసినట్టే, ఎందుకంటే ఎరువూ లవణమే. తొట్టికి రంధ్రమే ఉండకూడదన్న సలహా సగం నిజం అయ్యేది ఇక్కడే. అడుగున ఒక రంధ్రం ఉండాలి, దానికి గట్టి బిరడా ఉండాలి. వాష్‌బేసిన్ రబ్బరు ప్లగ్గు అయినా, చిన్న ప్లాస్టిక్ వాల్వు అయినా చాలు. లోపలివైపు చిన్న కంకర, పాత దోమతెర ముక్క వేస్తే మట్టి అడ్డు పడదు. మామూలు రోజుల్లో మూసి ఉంచాలి. మూడు నెలలకోసారి తెరిచి నీరంతా పోనిచ్చి, మంచినీళ్లు నింపి మళ్లీ ఒకసారి వదిలేయాలి. వేసవి ముగిశాక మొదటి గట్టి వాన పడ్డప్పుడు ఈ పని తప్పకుండా చేయాలి. పైఅంచుకు రెండు అంగుళాల కింద పక్కన ఇంకో చిన్న రంధ్రం పెడితే జూలై నుంచి అక్టోబరు దాకా పడే వానలు పైఉప్పును కొంత వాటంతటవే కడిగేస్తాయి.

అందుకే ఏ నీళ్లు పోస్తున్నామన్నది ఎన్ని పోస్తున్నామన్నదాని కంటే ముఖ్యం. వాన నీరు అన్నిటికంటే మంచిది. నూరు చదరపు మీటర్ల మిద్దె మీద ఇరవై మిల్లీమీటర్ల వాన పడితే రెండు వేల లీటర్లు. అందులో పదో వంతు డ్రమ్ములో పట్టి మూత పెట్టుకున్నా కడగడానికి సరిపోతుంది. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు. కాకపోతే ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు బాగా తక్కువగా వస్తాయి. మరీ కావాల్సిన రోజుల్లో దాన్ని నమ్ముకోలేం. కూలర్ తొట్టిలో మిగిలిన నీళ్లు అసలు పోయకూడదు. తుంగ తొట్టిలో జరిగే పనే అక్కడ ఇంకా వేగంగా జరిగి ఉంటుంది, నీరు ఆవిరై ఉప్పు చిక్కబడి ఉంటుంది. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లదీ అదే తీరు. వాటిని పారేయడం ఇష్టం లేక మొక్కలకు పోసేవాళ్లు ఉన్నారు. మంచి ఉద్దేశమే, కానీ మూసిన తొట్టికి అది విషం. గచ్చు కడగడానికో, బాత్రూముకో వాడుకోవాలి.

స్నానం నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు మితంగా పోయొచ్చు. మురుగునీటిని శుభ్రం చేసే కృత్రిమ చిత్తడి మడుల్లో అంబ్రెల్లా పామ్‌నూ పపైరస్‌నూ నాటడం చాలా దేశాల్లో ఉన్నదే. సబ్బు కొద్దిగా ఉంటే ఇవి తట్టుకుంటాయి. వాషింగ్ మెషీన్ నీళ్లలో మాత్రం పౌడర్ వల్ల సోడియం ఎక్కువగా ఉంటుంది, అవి వద్దు. బియ్యం కడిగిన నీళ్లు కూడా వద్దు. నీరు నిలిచిన మట్టిలో గంజి పులిసి వాసన కొడుతుంది. వాటిని కరివేపాకు మొదట్లో పోస్తే అది సంతోషిస్తుంది.

మట్టి, దోమలు

ఎర్రమట్టి ఒక్కటే వేస్తే అడుగున గట్టిపడిపోతుంది. నల్లరేగడి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఎరువు కొంచెం కలిపితే బాగుంటుంది. పచ్చి పేడ నీటిలో మురిగి గబ్బు కొడుతుంది. రేగడి బదులు చెరువు మట్టి వాడాలన్న ఆలోచన సహజం. చెరువు మట్టి నిజంగా మంచిదే, కానీ అందులో తుంగముస్తలు దాగి ఉంటాయి. సున్నిపిండికీ మందులకీ పనికొచ్చే ఆ చిన్న గడ్డలు తొట్టిలోకి వస్తే మాత్రం వదలవు. కొన్న మొక్క మధ్యలోంచి మొలిచి, ఏది ఏదో తెలియనంతగా కలిసిపోతాయి. అందుకని ఆ మట్టిని పరిచి, మూడు వారాలు తడుపుతూ ఉంచి, మొలిచిన ప్రతిదాన్నీ గడ్డతో సహా ఏరేశాకే వాడాలి. పైన తెంపితే లాభం లేదు. కింద గడ్డ నుంచి మళ్లీ వస్తుంది.

బోరు నీరున్న ఇళ్లలో గులాబీ, మందారం ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రమే పచ్చగా మిగలడం మామూలుగా కనిపించేదే. అది ఇనుము అందక వచ్చే లోపం. తుంగ జాతుల్లో ఇది తక్కువగా కనిపిస్తుంది. నీరు నిలిచి గాలి ఆడని మట్టిలో ఇనుము కరిగే రూపంలోకి మారి వేళ్లకు సులభంగా అందుతుంది. కాబట్టి తుంగ కాడలు పసుపెక్కితే ముందు తొట్టి ఎండిపోతోందేమో, ఉప్పు పేరుకుందేమో చూడాలి. మందు కొట్టడం తర్వాత సంగతి.

నీరు నిలిచిన చోట దోమలు పెరుగుతాయి. డెంగీ దోమకు ఇలాంటి ఇంటి తొట్లే కావాలి. గప్పీ చేపలు వేయడం ఒక పద్ధతి. కానీ ఎండకు కాగే చిన్న తొట్లలో అవి నిలవకపోవచ్చు. నీటిని కంటికి కనబడకుండా ఉంచడం అంతకంటే మంచి పద్ధతి. మట్టి మీద రెండు అంగుళాల మందాన గులకరాళ్లు పరిచి, నీటి మట్టం ఆ రాళ్ల పైపొరకు ఒక అంగుళం కిందే ఉండేలా చూడాలి. పైన తడి కనబడదు, దోమకు గుడ్లు పెట్టే చోటు దొరకదు, ఎండకు నేరుగా ఆవిరయ్యే నీరు కూడా బాగా తగ్గుతుంది. లోపల నీరెంత ఉందో తెలియడానికి ఒక పీవీసీ పైపు ముక్కకు రంధ్రాలు చేసి తొట్టిలో నిలువుగా దించి, పుల్ల పెట్టి చూసుకోవచ్చు. ఆ పైపు మూతికి దోమతెర కట్టడం మరచిపోకూడదు.

ఏ మొక్క తేవాలి

మొదటిసారి పెంచేవాళ్లకు అంబ్రెల్లా పామే సరైనది. మడగాస్కర్, ఆఫ్రికా ప్రాంతాల నుంచి వచ్చిన ఈ మొక్క మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది, కొంచెం నీడనూ ఓర్చుకుంటుంది. ఊరెళ్లి వచ్చేసరికి పూర్తిగా ఎండినా పారేయకూడదు. కాడలన్నీ మొదలుకి కోసి తడి చేస్తే చాలాసార్లు దుంప నుంచి మళ్లీ చిగురిస్తుంది. పపైరస్ రాజసంగా ఉంటుంది, కానీ పెద్ద తొట్టి కావాలి, ఎత్తుగా పెరిగిన కాడలు ఆషాఢం గాలికి విరుగుతాయి. గాలి తగిలే మిద్దె మీద రెండడుగుల పొట్టి పపైరస్ పెట్టడం నయం. స్టార్ గ్రాస్ తడి మట్టిని ఇష్టపడుతుంది, లోతు నీటిని కాదు. దాని కొసన తెల్లగా కనిపించేవి రేకులు కావు, ఆకులే. ఈ కుటుంబంలో చాలా మొక్కలు గాలి మీద ఆధారపడి పరాగ సంపర్కం జరుపుకుంటాయి. ఇది మాత్రం పురుగులను పిలుచుకుంటుంది.

విదేశీ తోటల ఫొటోలు చూసి, తుంగ కుటుంబానివే అయిన కేరెక్స్ జాతులను ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మాత్రం అనవసరపు ఖర్చు. బంగారు చారలతో అందంగా ఉండే ఆ రకాలు ఎక్కువగా చల్లటి దేశాలవి. బెంగళూరులో నిలిచినా తాడిపత్రిలో నిలవడం కష్టం. వాటికోసం పడే ఆరాటంలో సగం మన తుంగల మీద పెడితే ఎంతో బాగుంటుంది. చాపలు అల్లే పొడవాటి తుంగను ఎవరూ తోట మొక్కగా చూడరు. సిమెంటు తొట్టిలో ఒక దుబ్బుగా పెంచితే దాని నిటారు కాడలు ఏ విదేశీ మొక్కకూ తీసిపోవు, వడగాలినీ అది బాగా ఎరుగును.

ఎండ ఎంత అన్నదానికి జవాబు సులువు. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా పూర్తి ఎండ. మార్చి నుంచి మే దాకా పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం పడమర వైపు గోడో, షేడ్‌నెట్టో అడ్డు ఉండాలి. వేరుకు నీరున్నా, వడగాలి ఆకు కొస నుంచి లాగేసే వేగాన్ని కాడ అందుకోలేదు. కొసలు కాస్త ఎండితే అది రోగం కాదు, టెన్షన్ పడాల్సిన పని లేదు. ఆకుల మీద సన్నటి పసుపు చుక్కలు, కింద బూజులాంటి దారాలు కనిపిస్తే అది ఆకుల రసం పీల్చే నల్లి. పొడి గాలిలోనే అది విజృంభిస్తుంది. రెండు మూడు రోజులు సాయంత్రం పూట ఆకుల అడుగు భాగానికి గట్టిగా నీళ్లు కొడితే చాలావరకు పోతుంది, మిగిలితే వేపనూనె.

కోత విషయంలో ఒక్క నియమం ఉంది. తుంగ కాడ ఒకసారి పైకి వచ్చి గొడుగు విప్పాక మళ్లీ పెరగదు, కొమ్మలు వేయదు. సగానికి కత్తిరిస్తే ఆ మోడు అలాగే ఎండిపోతుంది. పసుపెక్కిన కాడను మొదలు దాకా కోసేయాలి. వేసవిలో మాత్రం మరీ శుభ్రం చేయొద్దు, ఎండిన కాడలు దుబ్బుకు నీడనిస్తాయి. తొలకరి పడ్డాక మొత్తం కోసి, గుప్పెడు వర్మీ కంపోస్టు మట్టిలోకి నొక్కితే నెల తిరిగేలోపు కొత్త పిలకలు లేస్తాయి. చేతులకు గ్లౌజులు ఉండాలి, కొన్ని జాతుల ఆకు అంచు బ్లేడులా కోస్తుంది.

రెండు మూడేళ్లకు దుబ్బు మధ్య భాగం బోసిపోతుంది, కొత్త పిలకలన్నీ అంచుల్లోనే వస్తాయి. అప్పుడు జూలై, ఆగస్టుల్లో దుబ్బును బయటికి తీసి రంపంతో ముక్కలు చేసి, అంచు ముక్కలు నాటాలి. ప్రతి ముక్కకూ రెండు మూడు పిలకలుండాలి. మట్టి మార్చడానికీ, పేరుకున్న ఉప్పును వదిలించుకోవడానికీ ఇదే అదను. అంబ్రెల్లా పామ్‌కు ఇంకో సులువైన దారి ఉంది. గొడుగును వేలెడు కాడతో కోసి, ఆకులను సగానికి పైగా కత్తిరించి, గిన్నె నీళ్లలో తలకిందులుగా వదిలితే రెండు మూడు వారాల్లో గొడుగు మధ్య నుంచి వేళ్లు, మొలకలు వస్తాయి. పిల్లల చేత చేయించాల్సిన పని ఇది.

ఇంత సులువుగా మొలిచే మొక్కతో జాగ్రత్త కూడా అంతే అవసరం. కోసిన గొడుగులు, విడదీయగా మిగిలిన దుంపలు కాలువలో, వంకలో, చెరువు గట్టు మీద పారేయకూడదు. గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు పూల అందం కోసం తెచ్చుకున్న మొక్కే, ఇప్పుడు కాలువల్లో దాన్ని తీయించడానికి యంత్రాలు దించాల్సి వస్తోంది. అంబ్రెల్లా పామ్ ఇప్పటికే చాలా వేడి దేశాల్లో తోట దాటి వాగుల వెంట పాకింది. మిగిలిన ముక్కలను మిద్దె గచ్చు మీద పరిచి, సీమ ఎండలో పెళపెళలాడేలా ఎండనిచ్చి, ఆ తర్వాతే ఎరువు గుంతలో వేయాలి.